పాపకి తొమ్మిదేళ్లు, బాప్తిస్మం కావాలంటోంది. ఏ వయసుకి ఇప్పించాలి?

స్వర్ణ_ఒంగోలు
అందరికీ వందనాలు. మా ఇంట్లో వారం రోజులుగా ఇదే మాట నడుస్తోంది, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. మా పాపకి ఏప్రిల్‌లో తొమ్మిది నిండాయి. ఈ వేసవిలో పది రోజులు వి.బి.ఎస్.కి (చర్చిలో సెలవుల బైబిల్ బడికి) వెళ్లింది. ఆఖరి రోజు ఇంటికొచ్చి అన్నం తింటూ "అమ్మా, నేను బాప్తిస్మం తీసుకుంటా" అంది. చిన్నపిల్ల మాట కదా, రెండు రోజుల్లో మర్చిపోతుందిలే అనుకున్నాను. మర్చిపోలేదు. నిన్న దాని నోట్‌బుక్ వెనక పేజీలో చర్చిలో ఉన్న బాప్తిస్మం తొట్టి బొమ్మ కనబడింది. మెట్లు గీసింది, నీళ్లు గీసింది, పక్కన తన పేరు రాసుకుంది.

మా రెండు కుటుంబాలూ ఒక సంఘం కాదు. నేను గుంటూరులో లూథరన్ ఇంట్లో పుట్టాను. మూడో నెలలోనే గుడిలో అయ్యగారు తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చారు, పధ్నాలుగేళ్లకు కన్ఫర్మేషన్ (నా విశ్వాసం నా నోటితో ఒప్పుకోవడం) అయింది. మావారిది ముత్తాతల కాలం నుంచి బాప్టిస్టు కుటుంబం. పెళ్లయ్యాక నేనూ ఇక్కడి సంఘంలోనే చేరాను. పాప పుట్టినప్పుడు ప్రతిష్ఠ ప్రార్థన ఒక్కటే చేయించాం. మా అమ్మకి ఆ లోటు అప్పటి నుంచీ మనసులో ఉంది. "తొమ్మిదేళ్లు ఆపారు, అది నోరు తెరిచి అడిగినా ఆపుతారా" అంటోంది. మావారేమో పదో తరగతి అవనీ అంటారు. పాస్టర్ గారిని అడిగితే పన్నెండు నిండనిదే ఇవ్వం అన్నారు. ఎందుకండీ అంటే, ప్రభువు పన్నెండేళ్లకు దేవాలయంలో బోధకుల మధ్య కూర్చున్నాడు కదమ్మా అన్నారు.

నాకు రెండు వైపులా భయంగానే ఉంది. అర్థం కాని వయసులో ఇచ్చేస్తామేమో అని ఒకటి, అడిగిన పిల్లని ఆపేస్తున్నామేమో అని ఒకటి. మీ ఇళ్లల్లో ఎలా చేశారో చెప్పండి.

విశ్వాసి_నెల్లూరు
సిస్టర్, వందనాలు. బైబిల్లో ఈ వయసు అని ఎక్కడా రాసి లేదు. రాసి ఉన్నది వరుస. ముందు వినడం, తర్వాత నమ్మడం, ఆ తర్వాత నీళ్లు. మార్కు 16:16లో "నమ్మి బాప్తిస్మము పొందినవాడు" అనే ఉంది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథంలో వెళ్తూ ఫిలిప్పు చెప్పింది విన్నాడు, దారిలో నీళ్లు కనబడగానే నాకు ఆటంకమేమిటి అని అడిగాడు. ఫిలిప్పు ఆరు నెలలు క్లాసుకి రమ్మనలేదు.

మీ పాస్టర్ గారి మీద గౌరవంతోనే అంటున్నాను, ఆ పన్నెండేళ్ల లెక్క నిలవదు. ప్రభువు పన్నెండేళ్లకు దేవాలయంలో ఉన్న మాట నిజమే. బాప్తిస్మానికి యొర్దాను నదిలో దిగింది మాత్రం సుమారు ముప్పై ఏళ్లకు, లూకా 3:23 చూడండి. ఆయన వయసే కొలత అయితే మనమంతా ముప్పై దాకా ఆగాలి. పాప నమ్మిందా లేదా, అదొక్కటే చూడండి. నమ్మితే తొమ్మిదికైనా ఇవ్వొచ్చు. నమ్మకపోతే నలభైకి కూడా ఇవ్వకూడదు.

మాస్టారు_తెనాలి
స్వర్ణమ్మా, మీ అమ్మగారి బాధ నాకు బాగా తెలిసిన బాధ. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరులో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ మా సంఘంలో బిడ్డ పుడితే గుడికి ఎత్తుకెళ్లడమే పద్ధతి. బిడ్డకి అర్థమైందని మేం ఇవ్వం. బాప్తిస్మంలో పనిచేసేవాడు దేవుడు, బిడ్డ చేసేదేమీ లేదు, అందుకని ఇస్తాం. ఎనిమిదో రోజు సున్నతి అయిన ఇస్సాకుకి ఏం అర్థమైందని? పౌలు కొలొస్సయులకు రాసినప్పుడు సున్నతినీ బాప్తిస్మాన్నీ ఒకే వాక్యంలో పెట్టాడు. పెంతెకొస్తు రోజున పేతురు "ఈ వాగ్దానము మీకును మీ పిల్లలకును" అన్నాడు. లూదియ ఇల్లు, చెరసాల నాయకుడి ఇల్లు, స్తెఫను ఇల్లు, ఇంటిల్లిపాదికీ ఇచ్చారు.

నమ్మకం నేర్పే పని మేం వదిలేస్తామని కొందరు అనుకుంటారు. లూథర్ 1529లో చిన్న ప్రశ్నోత్తరి రాసిందే ఇంటి పెద్ద తన పిల్లలకి నేర్పడం కోసం. ఆ పిల్లలందరికీ అప్పటికే బాప్తిస్మం అయింది. బాప్తిస్మం ముందు, నేర్పడం తర్వాత, కన్ఫర్మేషన్ రోజు పిల్ల తన నోటితో ఒప్పుకోవడం. మధ్యలో పదమూడు, పద్నాలుగేళ్లు ఇల్లంతా కలిసి మోయాలి. మా వాళ్లలో ఆ మోత బలహీనపడింది, ఒప్పుకుంటాను. తప్పు మోసేవాళ్లది.

విశ్వాసి_నెల్లూరు
మాస్టారూ, చెరసాల నాయకుడి ఇంట్లో ముందు అందరికీ వాక్యం బోధించారని అపొస్తలుల కార్యములు 16:32లో ఉంది. పొత్తిళ్లలో బిడ్డకి బోధిస్తారా?

మాస్టారు_తెనాలి
పొత్తిళ్లలో బిడ్డ లేడని కూడా అక్కడ రాయలేదు బాబూ. ఈ వాదన మనిద్దరి కన్నా చాలా పెద్దది. మనం తేల్చేది కాదు.

నిర్వాహకులు
ఇద్దరికీ వందనాలు. సంఘం మీద సంఘం వాదనకి వేరే చర్చ ఉంది. ఇక్కడ ఒక తల్లి తన బిడ్డ గురించి అడిగింది. దయచేసి పాప దగ్గరే ఉందాం.

మణి_టీచర్
స్వర్ణా, నేను ఇరవై రెండేళ్లుగా సండే స్కూల్ చెబుతున్నాను. వి.బి.ఎస్. ఆఖరి రోజు ఎలా ఉంటుందో చెప్తాను, నేనూ ఆ స్టేజీ మీద నిలబడ్డదాన్నే. పది రోజులు పాటలు, యాక్షన్ సాంగ్స్, బహుమతులు. ఆఖరి సాయంత్రం లైట్లు తగ్గించి, మెల్లగా కీబోర్డ్ వాయిస్తూ, ప్రభువుని హృదయంలోకి రానిచ్చేవాళ్లు చేతులెత్తండి అంటాం. ఒక పిల్ల ఎత్తుతుంది, పక్కనున్న స్నేహితురాలు ఎత్తుతుంది, ఆ వరుసంతా ఎత్తేస్తుంది. ఒకసారి ఎనభై మంది ఉన్న హాలులో ఎనభై చేతులూ లేచాయి. ఆ రాత్రి ఎంత సంతోషపడ్డానో, తర్వాత అంత ఆలోచించాను. వాళ్లలో సగం మంది రెండో ఆదివారానికే రాలేదు. ఆ చేతులన్నీ అబద్ధం అనను. పిల్లలు అబద్ధమాడరు, కానీ గుంపులో కొట్టుకుపోతారు.

అందుకని నేను చేసేది ఒకటి. నెల ఆగుతాను. ఆ నెలలో బాప్తిస్మం మాట నేనెత్తను, పిల్లే మళ్లీ ఎత్తాలి. ఎత్తితే ఒంటరిగా కూర్చోబెట్టుకుని మాట్లాడతాను. రక్షణ అంటే ఏంటి అని అడగను, కంఠస్థం చెప్పేస్తారు. "నువ్వు చేసిన ఏ పనికి నీకు బాధేసింది? ఎవరికి చెప్పావు? ఇంట్లో ఎవరూ చూడనప్పుడు ప్రార్థన చేస్తావా? నీ ఫ్రెండ్ తీసుకోకపోయినా నువ్వు తీసుకుంటావా?" ఇలా అడుగుతాను. చివరి ప్రశ్నకి చాలామంది ఆగిపోతారు. ఆగితే నేను తిట్టను, నవ్వను. మళ్లీ మాట్లాడుకుందాం అంటాను.

కంఠస్థం జవాబుకీ సొంత జవాబుకీ తేడా తెలిసిపోతుంది. ఒక అబ్బాయి, ఎనిమిదేళ్లు, "తమ్ముడి లంచ్ బాక్స్‌లో బిస్కెట్లు తీసి, పిల్లి తినేసిందని చెప్పాను టీచర్, అమ్మ పిల్లిని కొట్టింది" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. వాడికి పాపమంటే ఏంటో పెద్దవాళ్ల కన్నా బాగా తెలుసు.

ప్రకాష్_విజయవాడ
అక్కా, నాది అనుభవం. నాకు పదేళ్లకే ఇచ్చేశారు. ఆ సంవత్సరం మా సంఘంలో ఏడుగురు పిల్లలం ఒకే రోజు కాలువలో తీసుకున్నాం. నాకు గుర్తున్నవి చలి, తెల్ల చొక్కా, మా మేనత్త పెట్టిన వంద రూపాయలు. ఇంటర్‌కి హాస్టల్‌కి వెళ్లాక చర్చి మానేశాను. పంతొమ్మిదేళ్లకు ఒక జ్వరంలో, ఆసుపత్రి మంచం మీద, నిజంగా ప్రభువు దగ్గరికొచ్చాను. అప్పుడు పెద్ద సందేహం. పదేళ్లప్పటిది బాప్తిస్మమేనా? మళ్లీ తీసుకోవాలా? కొందరు తీసుకో అన్నారు. మా పాత పాస్టర్ గారు వద్దన్నారు. "నువ్వు మర్చిపోయావు గానీ ఆయన మర్చిపోలేదు" అన్నారు. మళ్లీ తీసుకోలేదు. కానీ ఆ రెండేళ్ల టెన్షన్ ఏ పిల్లకీ వద్దనిపిస్తుంది. నా మటుకు పదిహేను.

పాత_పుటలు
చరిత్ర చదివే అలవాటుతో రెండు సంగతులు చెప్పాలనిపించింది.

మొదటిది పాతకాలపు పెద్ద సంఘ బోధకుడు అగస్టీనుది. తల్లి మోనికా విశ్వాసి, అయినా పసితనంలో ఇప్పించలేదు. చిన్నప్పుడు కడుపునొప్పితో చావు దాకా వెళ్లినప్పుడు ఆ పిల్లవాడే బాప్తిస్మం కావాలని అడిగాడు. ఏర్పాట్లు మొదలయ్యాయి. అంతలో జబ్బు తగ్గింది, బాప్తిస్మం వాయిదా పడింది. పెద్దయ్యాక చేసే తప్పులకు దోషం ఇంకా ఎక్కువవుతుందని అప్పట్లో అలా ఆపేవారు. చివరికి 387 ఈస్టరుకి మిలానులో అంబ్రోసు చేతుల మీదుగా తీసుకున్నాడు, అప్పటికి 32 ఏళ్లు. నన్నెందుకు ఆపారు అని తర్వాత ఆయనే రాసుకున్నాడు. అంతకు ముందు, 200 ప్రాంతంలో, తెర్తుల్లియను అనే సంఘ రచయిత మాత్రం పిల్లల్ని ఆగనివ్వండి, తెలిసే వయసొచ్చాక రానివ్వండి అన్నాడు. పెళ్లి కానివాళ్లు కూడా ఆగాలన్నాడు. అంటే ఆ రోజుల్లోనే పసిపిల్లలకి ఇచ్చేవాళ్లు ఉన్నారు, వద్దనేవాళ్లూ ఉన్నారు.

రెండోది మీ ఊరిదే స్వర్ణ గారూ. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని జనం వస్తే ఇవ్వలేదు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆపాడు. కరువు పని అయిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేనప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజున 2,222 మంది. దొర స్వయంగా ముంచలేదు, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. అక్కడ ఆపింది వయసు చూసి కాదు. ఎందుకొస్తున్నారో చూసి ఆపారు. మణి టీచర్ గారు నెల ఆగుతానన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది.

స్వర్ణ_ఒంగోలు
మావారి ముత్తాత తండ్రి ఆ రోజు గుండ్లకమ్మలో ఉన్నాడని మా మామగారు చెప్పేవారు. అది చదివి మావారికి చూపించాను, చాలాసేపు ఏం మాట్లాడలేదు.

నేను మొదట చెప్పని సంగతి ఒకటుంది. నాకు బాప్తిస్మం రెండుసార్లు అయింది. పెళ్లి ఖాయమయ్యాక, చిన్నప్పటిది చెల్లదు, ముంచితేనే మా చర్చిలో పెళ్లి అని ఒక సంఘం వాళ్లు చెప్పారు. శుభలేఖలు అచ్చయిపోయాయి. పెళ్లికి ఎనిమిది రోజుల ముందు, మంగళవారం సాయంత్రం, నలుగురైదుగురి మధ్య తొట్టిలో దిగాను. పాస్టర్ గారు ఏం అడిగారో, నేనేం చెప్పానో గుర్తు లేదు. బ్లౌజులు దర్జీ దగ్గరే ఉన్నాయి, రేపు తెచ్చుకోవాలి అన్న ఆలోచన మాత్రం గుర్తుంది. మా అమ్మ రాలేదు. "నేను ఎత్తుకెళ్లి ఇప్పించింది ఏమైపోయింది?" అని ఒక్కమాట అంది, మళ్లీ ఆ సంగతి ఎత్తలేదు.

ఇప్పుడు అందరూ వయసు చెబుతుంటే నాకు తోస్తున్నది ఇదీ. నాకు ఇరవై నాలుగేళ్లు, అన్నీ తెలిసే వయసు. అయినా ఆ రోజు నాది కాదు, పెళ్లి ముహూర్తానిది. నా పాప రోజు ఇంకొకరి పని కోసం పెట్టుకున్న తేదీ కాకూడదు. మా అమ్మ బెంగ తీర్చడానికీ వద్దు, మావారి పదో తరగతి లెక్కకీ వద్దు.

మణి_టీచర్
స్వర్ణా, ఏడిపించావు. మీ అమ్మగారికి ఈ మాట చెప్పావా?

ఒక_నాన్న
పెళ్లి కోసం వారంలో ఇచ్చేవి మా వైపు చాలా చూశాను. ఇంకో కారణం ఎవరూ పైకి అనరు, నేను అంటాను. మా ఇంట్లో నాకు ఇరవై ఆరు వచ్చేదాకా బాప్తిస్మం ఇప్పించలేదు. నా విశ్వాసం సందేహమై కాదు, కుల ధ్రువీకరణ పత్రం కోసం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా మొదట హిందువులకే ఉంది, 1956లో సిక్కులకీ 1990లో బౌద్ధులకీ ఇచ్చారు, క్రైస్తవులకి ఇవ్వలేదు. మన రాష్ట్రాల్లో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సి కిందికి వస్తారు, ఆ కోటా ఒక్క శాతం. చదువు, ఉద్యోగం అయ్యాక చూద్దాం అని నాన్న ఆపాడు. ఆయన్ని తప్పుపట్టను, కూలి చేసి చదివించినవాడు. కానీ నాకు పన్నెండేళ్లప్పుడు అడిగితే "నువ్వింకా చిన్నోడివిరా" అన్నాడు. పద్దెనిమిదేళ్లకు అడిగినా అదే మాట. అసలు కారణం ఇరవై దాటాక తెలిసింది. పిల్లల్ని ఆపాల్సి వస్తే ఎందుకు ఆపుతున్నారో నిజం చెప్పండి. నేను చాలా ఏళ్లు నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను.

విశ్వాసి_నెల్లూరు
అన్నా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నమ్మితే వెంటనే ఇవ్వాలి అని పైన సులువుగా రాసేశాను. మా అసెంబ్లీ సంఘాల్లో అందరూ గౌరవించే సువార్తికుడు భక్త్‌సింగ్ గారే 1929లో ప్రభువుని నమ్మి, 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. మధ్యలో రెండేళ్లకు పైనే. నా మాట వెనక్కి తీసుకోను, కానీ అంత గట్టిగా చెప్పి ఉండకూడదు.

విశాఖ_కథోలిక
మా దగ్గర జ్ఞానస్నానం (బాప్తిస్మాన్నే మేం అలా అంటాం) పుట్టిన మొదటి వారాల్లోనే ఇప్పించాలి, తల్లిదండ్రుల బాధ్యత అని సంఘ చట్టంలోనే ఉంది. ఏడేళ్లు నిండితే మాత్రం వివేకం వచ్చినట్టు లెక్క. ఆ తర్వాత వస్తే పసిబిడ్డలా ఇవ్వరు, పెద్దవాళ్లలాగే ఉపదేశం విని, తనే కోరుకోవాలి. అంటే మీ పాప మా గుడికి వచ్చినా "నీకు కావాలా" అని దాన్నే అడుగుతారు. ఇది చదివితే మీ అమ్మగారికి కొంచెం ఊరటగా ఉంటుందేమో.

పాలమూరు_ఎంబి
మాది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. మా మూలం 1525 జనవరిలో జూరిక్‌లో పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్న కొద్దిమంది. వాళ్లలో ఫెలిక్స్ మాంజ్‌ను రెండేళ్లకు అక్కడి నదిలోనే ముంచి చంపారు. నువ్వు కోరిన నీళ్లే నీకు శిక్ష అన్నట్టు చేశారు. వాళ్ల వారసులు రష్యా నుంచి, అమెరికా నుంచి నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు వచ్చారు. మా తాతకి ఆ కథ నోటికొచ్చు. అంత ఖరీదు పెట్టి కొన్నది కాబట్టి తొందరగా ఇవ్వకూడదని మా పెద్దలు అంటారు. మా ఇంట్లో అందరం పదహారు, పదిహేడుకి తీసుకున్నాం.

డాలస్_సునీత
మా అబ్బాయి పదకొండుకి తీసుకున్నాడు. ఇక్కడ పిల్లలు తమ సాక్ష్యం తామే రాసుకుని చదవాలి. వాడు ఇంగ్లీషులో రాశాడు. ఏలూరు నుంచి వీడియో కాల్‌లో చూస్తున్న అమ్మమ్మకి ముక్క అర్థం కాలేదు. "నాన్నా, నాకు తెలుగులో చెప్పు" అంది. వాడు తడబడుతూ, "అమ్మమ్మా, నేను కోపంలో చెల్లిని తోసేస్తాను, యేసయ్య వద్దంటాడు, నేను వింటున్నా" అన్నాడు. కాగితం మీద రాసింది ఒక పేజీ. నాకు మాత్రం ఆ తెలుగు వాక్యమే సాక్ష్యం.

ఒక_సేవకుడు
అమ్మా, నేనూ బాప్టిస్టు సంఘంలో పాస్టరునే. పన్నెండు అన్నది మేం పెట్టుకున్న గీత. వాక్యంలో లేదు, ఆ మాట మీ పాస్టర్ గారికీ తెలిసే ఉంటుంది. గీత ఎందుకు పెడతామో చెప్తాను. మా దగ్గర బాప్తిస్మమైతే ప్రభువు బల్లలో (రొట్టె, ద్రాక్షారసంలో) వంతు ఉంటుంది, సంఘ సభ్యత్వం ఉంటుంది. తొమ్మిదేళ్ల పిల్లకి ఇస్తే ఎదురింటివాళ్లు ఏడేళ్ల పిల్లని తెస్తారు, పోటీ అవుతుంది. అది ఆపడానికి ఒక అంకె చెప్పేస్తాం, చెప్పడం తేలిక. ప్రతి పిల్లతో కూర్చుని మాట్లాడటం కష్టం. ఆ కష్టం పడాల్సింది మేమే.

మిషనరీ విలియం కేరీ గారు 1800 డిసెంబరులో బెంగాల్‌లోని శ్రీరాంపూర్ దగ్గర హుగ్లీ నదిలో కృష్ణ పాల్ అనే బెంగాలీ విశ్వాసితో పాటు తన కొడుకు ఫెలిక్సుకి కూడా ఇచ్చాడు. ఫెలిక్సుకి అప్పుడు పద్నాలుగు. ఇంగ్లండు బాప్టిస్టు బోధకుడు స్పర్జన్ గారు పదిహేనుకి తీసుకున్నారు. పాతవాళ్లు మరీ చిన్నపిల్లలకి తొందరపడి ఇవ్వలేదు. అయినా అడిగిన పిల్లకి "పన్నెండు వచ్చాక రా" అని పంపేయడం నాకు సమ్మతం కాదు. క్లాసులో కూర్చోబెట్టండి. తేదీ చెప్పకండి. మీ పాస్టర్ గారితో మీవారూ మీరూ కలిసి మాట్లాడండి, పాపని కూడా తీసుకెళ్లండి.

స్వర్ణ_ఒంగోలు
నలభై రోజులైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. నెల ఆగుదామనుకుని నేను ఆ మాట ఎత్తలేదు. ఇరవై రెండో రోజు పాపే ఎత్తింది, గిన్నెలు సర్దుతుంటే వెనక నుంచి వచ్చి. మణి టీచర్ గారు చెప్పినట్టే అడిగాను. వాళ్ల క్లాసులో ఒకమ్మాయికి మాట సరిగా రాదు, అందరితో కలిసి తనూ వెక్కిరించిందట. మొన్న ఆ అమ్మాయి దగ్గరికెళ్లి సారీ చెప్పిందట. ఆ అమ్మాయి ఏమీ అనలేదట. "క్షమించిందో లేదో తెలీదమ్మా" అంది. ఇది నాకెవరూ చెప్పలేదు, టీచర్‌కీ తెలీదు. ఫ్రెండ్ తీసుకోకపోతే అని అడిగితే "దానికి నీళ్లంటే భయం, అది తీసుకోదులే" అంది.

ముగ్గురం పాస్టర్ గారి దగ్గరికి వెళ్లాం. ఆయన పాపతో అరగంట మాట్లాడారు. సెప్టెంబరు నుంచి పెద్దపిల్లలతో పాటు క్లాసుకి రమ్మన్నారు. ఎప్పుడిస్తారో చెప్పలేదు, మేమూ అడగలేదు. మావారు పదో తరగతి మాట మళ్లీ ఎత్తలేదు.

అమ్మతో కూడా మాట్లాడాను. ఆ మంగళవారం సంగతి పన్నెండేళ్ల తర్వాత మొదటిసారి మాట్లాడుకున్నాం. నువ్వు ఎత్తుకెళ్లింది నాకు అక్కర్లేదని నేను ఎప్పుడూ అనుకోలేదమ్మా అన్నాను. అమ్మ ఫోన్ పెట్టేసింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చేసింది.

ఇప్పుడో చిన్న సందేహం. మా తొట్టిలో నీళ్లు పెద్దవాళ్లకి నడుము దాకా వస్తాయి. పాపకి మెడ దాకా వస్తాయేమో. చిన్నపిల్లలకి ఎలా ఇస్తారు?

మణి_టీచర్
నీళ్లు తగ్గించమని ముందే చెప్పాలి, లేకపోతే లోపల ఒక పీట వేస్తారు. పాస్టర్ గారు వీపు కింద ఒక చెయ్యి పెడతారు, ఇంకో చేత్తో చేతిరుమాలుతో ముక్కు మూస్తారు. మోకాళ్లు కొంచెం వంచమని చెప్పు, పిల్లలు బిగుసుకుపోతారు. తెల్లబట్టలు మందంగా ఉండాలి. బయటికొచ్చే మెట్టు దగ్గర పెద్ద టవల్ పట్టుకుని మనిషి ఉండాలి. అది మీ అమ్మగారిని ఉండమను.

స్వర్ణ_ఒంగోలు
ఎప్పుడో తెలీకపోయినా పాప అప్పుడే మొదలుపెట్టేసింది. పెరట్లో బకెట్ నిండా నీళ్లు పోసుకుని ముఖం ముంచుతోంది. అమ్మ పక్కన పీటేసుకుని కూర్చుని, ఒళ్లో టవల్ పెట్టుకుని, ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతోంది.